కౌంటర్ అవతల మనిషి ఉండాలి

ఉద్యోగం పోయినవాడు తన సంగతి చెప్పుకోవడానికి ఎదురుగా ఒక్క మనిషి లేని కాలం వచ్చింది. మా రోజుల్లో ఇంత దిక్కుమాలినతనం లేదు. ఈ మాట అంటే మా మనవలు "తాతయ్య మళ్ళీ మొదలుపెట్టాడు" అంటారు. అననివ్వండి. రెండు వారాలకోసారి నిరుద్యోగ బీమా క్లెయిము పెట్టుకోవడమనే చిన్న పనిని ఈ నలభై ఏళ్ళలో ఎంత గండంగా మార్చారో నేను దగ్గరుండి చూశాను. చూసినవాడు చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు?

నేను డెబ్బైల్లో డెట్రాయిట్ చేరినవాణ్ణి. కార్ల కంపెనీలకి విడిభాగాలు చేసిచ్చే ఒక సంస్థలో ఇంజనీరుగా కుదిరాను. ఈ ప్రాంతంలో కార్లు అమ్ముడైతేనే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. వడ్డీ రేట్లు ఆకాశానికెక్కి, కారు కొనే నాథుడు లేక, 1980 నుంచి 1982 దాకా మిషిగన్ రాష్ట్రం పడ్డ అవస్థ ఇంతా అంతా కాదు. 1982 చివరికి నిరుద్యోగం 16 శాతం దాటింది. పనికోసం చూసే ప్రతి ఆరుగురిలో దాదాపు ఒకరు ఖాళీ. వాళ్ళలో నేనూ ఉన్నాను. చేతిలో గ్రీన్ కార్డు ఉంది, ఇంట్లో చిన్నపిల్లలున్నారు, నెత్తిన ఇంటి అప్పు ఉంది.

అప్పట్లో నిరుద్యోగ బీమా చూసే ఆఫీసుని అందరం ఎం.ఇ.ఎస్.సి. అనేవాళ్ళం. మిషిగన్ ఎంప్లాయిమెంట్ సెక్యూరిటీ కమిషన్ దాని పూర్తి పేరు. మనకిచ్చిన రోజున, ఇచ్చిన వేళకి వెళ్ళి వరసలో నిలబడాలి. బయట మంచు, లోపల తడి బూట్ల వాసన, గోడవార బెంచీలు. అసెంబ్లీ లైనులో ఇరవయ్యేళ్ళు బోల్టులు బిగించినవాడు, వెల్డింగు చేసినవాడు, డ్రాయింగులు గీసినవాడు, నాలాంటి ఇంజనీరు, అందరం ఒకే వరసలో. ఆ వరసలో నిలబడ్డ గంటలో బోలెడు సమాచారం దొరికేది. ఫలానా టూల్ షాపులో డ్రాఫ్ట్స్‌మన్ కావాలట, ఫలానా ప్లాంటులో రెండో షిఫ్టు మళ్ళీ తెరుస్తారట, టెక్సస్‌లో పనులున్నాయట, ఇలాంటివి. పక్కవాడి మొహం చూస్తే మనొక్కళ్ళమే మునిగిపోలేదన్న ధైర్యం కూడా వచ్చేది.

కౌంటర్ దగ్గర జరిగిన ఒక ముచ్చట చెప్తాను. నా ముందు ఒక పోలిష్ పెద్దమనిషి నిలబడ్డాడు. కౌంటర్ అవతల ఒక నల్లజాతి ఆవిడ, కళ్ళజోడు ముక్కు చివరికి జారి ఉంది. ఆయన కాగితం తిప్పి చూస్తూ, "ఈ రెండు వారాల్లో ఎక్కడైనా పని చేశారా?" అని అడిగింది. "మా బావమరిది గరాజులో మూడు రోజులు చేశాను. కానీ డబ్బు ఇంకా చేతికి రాలేదు, అందుకే సంపాదన దగ్గర సున్నా వేశాను" అన్నాడాయన. ఆవిడ కాగితం ఆయన వైపు తిప్పి, పెన్సిలు కొన ఆ గడి మీద పెట్టి, "మీరు ఏ వారంలో పని చేశారో ఆ వారం గడిలో రాయాలి. డబ్బు ఎప్పుడొస్తుందన్నది దీనికి అక్కర్లేదు. పన్నులేవీ కొయ్యకముందు ఎంతో అంత రాయండి" అంది. ఆయన సున్నా కొట్టేసి, అంకె వేసి, పక్కన పొట్టి సంతకం పెట్టాడు. రెండు నిమిషాల పని. ఆయనకి ఆ వారం రావలసిన దాంట్లో కొంత తగ్గింది, అంతే. ఎవరూ ఎవర్నీ దొంగ అనలేదు. ఇవాళ ఆ సున్నాని కంప్యూటర్లో పెట్టి మీట నొక్కితే దానికి మోసం అని పేరు పెడతారు.

అసలు ఈ డబ్బు ఎక్కడిదో తెలియకుండానే మనవాళ్ళలో చాలామంది మాట్లాడతారు, కాబట్టి అదీ చెప్పాలి. అమెరికాలో మొట్టమొదటి నిరుద్యోగ బీమా చట్టం 1932లో విస్కాన్సిన్ రాష్ట్రం చేసింది. మహామాంద్యంలో కోటిమందికి పైగా రోడ్డున పడ్డాక, 1935 ఆగస్టులో రూజ్‌వెల్ట్ సంతకం పెట్టిన సోషల్ సెక్యూరిటీ చట్టం దాన్ని దేశమంతటికీ తెచ్చింది. దాని వెనక నిలబడి కష్టపడిన మనిషి అప్పటి కార్మిక మంత్రి ఫ్రాన్సిస్ పెర్కిన్స్. ఆ మరుసటి ఏడాది, 1936లో, మిషిగన్ తన చట్టం తాను చేసుకుంది. చట్రం కేంద్రానిది, నడిపేది రాష్ట్రం. యజమానులు తమ కార్మికుల జీతాల మీద పన్ను కడతారు, ఆ నిధిలోంచి పని పోయినవాడికి కొన్ని వారాల పాటు ఇస్తారు. న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, అలాస్కా, ఈ మూడు చోట్ల కార్మికుడి జీతంలోంచి కూడా కొంత కోస్తారు. ఎక్కువమందిని తీసేసే కంపెనీకి పన్ను రేటు పెరుగుతుంది. మీ క్లెయిము మీద మీ పాత కంపెనీ అభ్యంతరం పెడితే ఆశ్చర్యపోకండి. దానికీ లెక్కలున్నాయి.

అంటే ఇది దానం కాదు, ధర్మం కాదు. ఇంటికి నిప్పంటుకుంటే బీమా కంపెనీని అడగడానికి ఎవరైనా సిగ్గుపడతారా? మా తరంవాళ్ళం ఇండియాలో ఎంప్లాయిమెంట్ ఎక్స్ఛేంజిలో పేరు రాయించుకుని, కార్డు పట్టుకుని, కాల్ లెటరు కోసం ఏళ్ళ తరబడి పోస్టుమ్యాన్ దారి కాసినవాళ్ళం. అక్కడ కార్డు ఇచ్చేవాళ్ళు, పైసా ఇచ్చేవాళ్ళు కాదు. ఇక్కడికొచ్చి పని పోయిన వారం నుంచే చెక్కు వస్తుందంటే మాకు అబ్బురం. దాన్ని గౌరవంగా తీసుకున్నాం. ఇండియాలో ఇలాంటిది బొత్తిగా లేదనను. 2018 జులై నుంచి ఇ.ఎస్.ఐ. కింద అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన అని ఒకటి నడుస్తోంది. మొదట సగటు సంపాదనలో నాలుగో వంతు ఇచ్చేవారు, 2020లో దాన్ని సగానికి పెంచారు. ఇచ్చేది 90 రోజుల దాకా, అదీ జీవితంలో ఒక్కసారి. ఇ.ఎస్.ఐ. జీతపు హద్దు దాటిన హైదరాబాదు సాఫ్ట్‌వేర్ కుర్రాడికి అది కూడా వర్తించదు. ఇలాంటి రక్షణ ఒకటి కష్టకాలంలో మన తలుపు తడుతుంటే, ఈ దేశంలో ఉన్న మన పిల్లలు తలుపు తియ్యడానికి సిగ్గుపడుతున్నారు. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

మా రోజుల్లో పని పోతే పది ఇళ్ళకీ తెలిసేది. ఒకరు కారిచ్చేవారు, ఒకరు పిల్లల్ని చూసుకునేవారు, ఒకావిడ గిన్నెడు పప్పుచారు పంపేది. ఆఫీసుకెళ్ళే రోజున తోడొచ్చి వరసలో నిలబడ్డ స్నేహితులున్నారు నాకు. ఇప్పుడో? పని పోయిందని భార్యకి చెప్పరు, మామగారికి అసలే చెప్పరు. పొద్దున్నే లాప్‌టాప్ సంచీ తగిలించుకుని లైబ్రరీకో కాఫీ కొట్టుకో పోతారు, సాయంత్రం ఆఫీసునుంచి వచ్చినట్టు వస్తారు. క్లెయిము పెట్టావా అంటే, "వచ్చే నెలలో ఎలాగూ ఉద్యోగం దొరుకుతుంది కదా అంకుల్" అంటారు. వచ్చే నెల మూడు నెలలవుతుంది. దరఖాస్తు పెట్టిన వారం నుంచే లెక్క మొదలవుతుందన్న సంగతి చేతులు కాలాక తెలుస్తుంది. పరువు చూసుకుని పోగొట్టుకున్న ఆ వారాలని ఎవరూ వెనక్కి తెచ్చివ్వరు.

హెచ్1బి మీద ఉన్న పిల్లల గతి వేరు. వాళ్ళ పేరు మీద కూడా కంపెనీ ఈ పన్ను కడుతుంది. కానీ క్లెయిముకి మొదటి షరతు, పనికి సిద్ధంగా ఉండాలి, ఎవరు పిలిస్తే వాళ్ళ దగ్గర చేరగలిగి ఉండాలి. హెచ్1బి ఒక కంపెనీకి కట్టేసిన కాగితం కాబట్టి సాధారణంగా వాళ్ళకి ఇవ్వరు. 2017లో వచ్చిన నిబంధన ప్రకారం 60 రోజులు గడువిస్తారు. ఆలోగా కొత్త కంపెనీ దొరకాలి, లేదా వీసా మార్చుకోవాలి, లేదా పెట్టె సర్దుకోవాలి. కట్టించుకునేటప్పుడు లేని తేడా ఇచ్చేటప్పుడు ఎందుకొచ్చిందని నేను చాలా సభల్లో అడిగాను. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళు, ఎవరి దగ్గరైనా పనిచెయ్యడానికి అనుమతి కార్డు ఉన్నవాళ్ళు పెట్టుకోవచ్చు. అడ్డు లేనివాళ్ళయినా తమ హక్కు వాడుకోవాలి కదా!

సరే, ఆఫీసు సంగతికొస్తాను. వరసలు పోయి టెలిఫోను వచ్చింది. మిషిగన్‌లో దాని పేరు మార్విన్. ఎవరో పెద్దమనిషి పేరులా ఉంటుంది గానీ, అది రికార్డు చేసిన గొంతు. ఇంట్లోంచే ఫోను చేసి, మార్విన్ ప్రశ్న చదివితే అవునంటే ఒక మీట, కాదంటే ఒక మీట నొక్కాలి. నిజం చెప్పాలి, దానివల్ల మేలు జరిగింది. చంటిపిల్లల తల్లులు, కారు లేనివాళ్ళు, కాళ్ళు సరిగ్గా లేనివాళ్ళు మంచులో పడిపోకుండా ఇంట్లో కూచుని పని కానిచ్చుకున్నారు. కానీ గరాజులో మూడు రోజులు పనిచేసిన మనిషి మార్విన్‌తో ఏం చెప్పుకుంటాడు? మార్విన్‌కి రెండే జవాబులు తెలుసు. ఆ తరవాత వెబ్‌సైటు వచ్చింది, ఖాతాలు, పాస్‌వర్డులు వచ్చాయి. ఒకప్పుడు కౌంటర్‌లో ఉద్యోగి చేసిన పని అంతా మెల్లిగా పని పోయినవాడి నెత్తిన పెట్టారు. కాగితాలు వాడే ఎక్కించాలి, తేదీలు వాడే చూసుకోవాలి, నిబంధన వాడే చదివి వాడే అర్థం చేసుకోవాలి. తప్పు దిద్దే అధికారం మాత్రం వాడికివ్వలేదు.

ఇది ఎక్కడికి దారి తీసిందో మిషిగన్ చరిత్రే చెబుతుంది. 2013 అక్టోబరులో రాష్ట్రం మైడాస్ అనే కొత్త కంప్యూటర్ వ్యవస్థ పెట్టింది. దాదాపు 4.7 కోట్ల డాలర్లు పోశారు, సిబ్బందిని తగ్గించుకున్నారు. ఎవరు మోసం చేశారో కూడా యంత్రమే పట్టేస్తుందన్నారు. అది ఎలా పట్టిందో వినండి. కంపెనీ మూడు నెలలకి కలిపి పంపిన జీతాన్ని ఆ మూడు నెలల్లోని వారాలన్నిటికీ సమానంగా పంచేది. జనవరిలో పనిచేసి ఫిబ్రవరిలో పని పోయి క్లెయిము పెట్టినవాడు, ఆ లెక్కలో ఫిబ్రవరిలో కూడా జీతం తీసుకుంటూ క్లెయిము పెట్టినట్టు కనిపించేవాడు. వెంటనే అతని ఆన్‌లైన్ ఖాతాలోకి ఒక ప్రశ్నాపత్రం పోయేది. కావాలనే తప్పు సమాచారం ఇచ్చావా అని అందులో ప్రశ్న. అతను ఎప్పుడో కొత్త ఉద్యోగంలో చేరి ఆ ఖాతా తెరవడం మానేసి ఉంటాడు. పది రోజుల్లో జవాబు రాకపోతే మోసం ఖాయం చేసేసేది. తీసుకున్న డబ్బు తిరిగి కట్టాలి, దానికి నాలుగు రెట్లు జరిమానా, పైగా వడ్డీ. జీతాల్లోంచి కోశారు, ఆదాయపు పన్ను రీఫండులు పట్టుకున్నారు.

2015లో ఆ యంత్రం నోరు కట్టేసే నాటికి దాదాపు 40 వేలమంది మీద తప్పుడు మోసం ముద్ర పడింది. యంత్రం ఒక్కటే కూచుని తీర్పు చెప్పిన కేసులు 22 వేలకి పైగా ఉంటే, రాష్ట్రమే తిరిగి చూసుకుని వాటిలో 93 శాతం తప్పని ఒప్పుకుంది. నూటికి తొంభై మూడు! ఇళ్ళు పోయినవాళ్ళున్నారు, దివాలా తీసినవాళ్ళున్నారు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. బాధితులు కోర్టుకెక్కితే, ఏళ్ళ తరబడి నడిచి, 2022లో రాష్ట్ర సుప్రీంకోర్టు వాళ్ళకి దావా వేసే హక్కుందని తేల్చింది. చివరికి 2 కోట్ల డాలర్లకి రాజీ కుదిరింది. 

ఇప్పుడు నా పెన్సిలు ఆవిడని గుర్తు చేసుకోండి. ఏ వారంలో పని, ఏ వారంలో డబ్బు? ఆవిడ రెండు నిమిషాల్లో సరిచేసిన ఆ ఒక్క ప్రశ్నే కోట్లు పోసిన యంత్రానికి అంతుచిక్కలేదు. ఆవిడకి చదువు ఎంతో నాకు తెలియదు. ఎదుటివాణ్ణి "ఎందుకలా రాశావు?" అని అడిగి, జవాబు వినడం ఆవిడకి తెలుసు.

ఆ తరవాత 2020 వచ్చింది. కరోనాతో దేశం మూతపడితే, ఏప్రిల్ మొదటి వారంలో ఒక్క వారంలోనే 60 లక్షలమందికి పైగా కొత్తగా క్లెయిములు పెట్టారు. ఫోన్లు మోగుతూనే ఉన్నాయి, వెబ్‌సైట్లు కూలబడ్డాయి. అప్పటి న్యూజెర్సీ గవర్నరు ఫిల్ మర్ఫీ మైకు ముందుకొచ్చి, మా నిరుద్యోగ బీమా కంప్యూటర్లు కోబాల్‌లో నడుస్తున్నాయి, ఆ భాష తెలిసినవాళ్ళు సాయానికి రండని అడిగాడు. ఆ వార్త విని మా తెలుగు ఇళ్ళలో ఎందరు తలెత్తి చూశారో! తొంభైల చివర్లో రెండువేల సంవత్సరం గండం గట్టెక్కించడానికి అమీర్‌పేటలో కోబాల్, మెయిన్‌ఫ్రేమ్ నేర్చుకుని విమానమెక్కిన పిల్లలే కదా వాళ్ళు! ఆ పాత ప్రోగ్రాములని నేను తప్పుపట్టను. అవి దశాబ్దాల పాటు చెక్కులు సక్రమంగా పంపాయి. వాటిని చూసుకునే మనుషుల్ని ఒక్కొక్కళ్ళనీ ఇంటికి పంపించి, గాలివాన వచ్చిన రోజున ఎక్కడున్నారని వెతికితే ఏం లాభం?

ఆ సందట్లో దొంగలు కూడా దూరారు. జైళ్ళలో ఉన్నవాళ్ళ పేర్లమీద, చచ్చినవాళ్ళ పేర్లమీద క్లెయిములు పెట్టి దోచుకున్నారు. దానికి విరుగుడుగా మనిషి తన ముఖం ఫోనుకి చూపించి, లైసెన్సు ఫొటో తీసి పంపి, నేను నేనే అని రుజువు చేసుకునే పద్ధతి చాలా రాష్ట్రాల్లో తెచ్చారు. దొంగని పట్టుకోవద్దని ఎవరన్నారు? కానీ పాత ఫోనున్న ముసలమ్మ ముఖం కెమెరాకి సరిగ్గా అందకపోతే ఆవిడ వారం పస్తుండాలా? దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, చట్టం ఇమ్మన్న డబ్బుని తెర ఆపుతుంది. చట్టం ఇమ్మన్నది రావలసిన సమయానికి అందాలని 1971లో జావా కేసులో అమెరికా సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది. మంజూరైన డబ్బుని కంపెనీ అప్పీలు పెట్టిందన్న కారణంతో ఆపెయ్యకూడదంది. కడుపు అప్పీళ్ళ కోసం ఆగదని ఆ న్యాయమూర్తులకి తెలుసు.

మొన్న మా స్నేహితుడి కొడుకు మా ఇంటికొచ్చాడు. ఐటీలో మంచి ఉద్యోగం, లేఆఫ్‌లో పోయింది. ఆదివారం పూట మా భోజనాల బల్ల మీదే లాప్‌టాప్ తెరిచి రెండు వారాల సర్టిఫికేషన్ మొదలుపెట్టాడు. ప్రశ్న కూడా చదవకుండా నో, నో, ఎస్, నో అని నొక్కుకుంటూ పోతున్నాడు. వాడి చెయ్యి పట్టుకుని ఆపాను. "నాన్నా, ఒక్కొక్కటీ పైకి చదువు" అన్నాను. పని చెయ్యగలిగే స్థితిలో ఉన్నావా? పూర్తికాలం పనికి అందుబాటులో ఉన్నావా? ఏదైనా పని వస్తే కాదన్నావా? సెలవు జీతం గానీ, సెవరెన్సు గానీ ఏమైనా వచ్చిందా? పనిచేశావా, సంపాదించావా? పని కోసం ఎక్కడెక్కడ వెతికావు? నలభై ఏళ్ళ కిందట నన్ను అడిగిన ప్రశ్నలే ఇవి. ఒక్కటీ మారలేదు.

సంపాదన దగ్గరికొచ్చేసరికి "నో" అన్నాడు. "గురు, శుక్రవారాల్లో ఇళ్ళకి భోజనాలు డెలివరీ చేశానన్నావు కదరా?" అన్నాను. "ఆ డబ్బు ఇంకా బ్యాంకులో పడలేదంకుల్" అన్నాడు. చూశారా! అదే గడి, అదే సున్నా. ఏ వారంలో చేశావో ఆ వారంలో రాయాలని చెప్పి, అక్కడే కూచుని తేదీలు చూసి రాయించాను. "మా గ్రూపులో అందరూ డబ్బు వచ్చాకే రాయాలన్నారు" అన్నాడు. వాట్సాప్ గ్రూపులో నాలుగొందలమంది ఉంటారు, ఎవడికి తోచింది వాడు చెబుతాడు, ఏ ఒక్కడూ దానికి పూచీ పడడు. ఆ రోజు వాడి పక్కన నేనున్నాను. నాలాంటి చాదస్తపు ముసలివాళ్ళు లేని ఇళ్ళలో, ఇంగ్లీషు సరిగ్గా రాని ఇళ్ళలో, రాత్రి పదకొండింటికి పిల్లల్ని పడుకోబెట్టి ఒంటరిగా ఫోనులో ఆ ప్రశ్నలు నొక్కే తల్లి పక్కన ఎవరున్నారు?

ఇక ఇచ్చే డబ్బు సంగతి. ఎన్నో దశాబ్దాలుగా దేశంలో దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ 26 వారాలు ఇచ్చేవారు. 2011లో దాన్ని 20 వారాలకి కోస్తూ చట్టం చేసి, మిగతావాళ్ళకి దారి చూపించిన రాష్ట్రం మాదే. కార్మిక సంఘాలు పుట్టి పెరిగిన మిషిగన్ ఆ పని చెయ్యడం నాకు తలవంపుగా అనిపించింది. ఫ్లోరిడా 12 వారాల దాకా దిగింది, వారానికి 275 డాలర్లు మించి ఇవ్వదు. మిషిగన్‌లో వారానికి గరిష్ఠం 362 డాలర్లని 2002లో పెట్టి, ఇరవై ఏళ్ళకి పైగా కదపలేదు. ఇంట్లో ఆధారపడ్డ ఒక్కొక్కరికీ ఆరు డాలర్లు ఇచ్చేవారు! ఆరు డాలర్లకి ఇప్పుడు పిల్లాడికి ఏం కొనిపెడతారు? బియ్యం ధర మారింది, అద్దెలు రెట్టింపయ్యాయి, ఆ అంకె మాత్రం అన్నేళ్ళూ అలాగే ఉండిపోయింది. 2024 చివర్లో చట్టం మార్చి, 2025 ఏప్రిల్ నుంచి మళ్ళీ 26 వారాలు చేశారు, గరిష్ఠాన్ని 446 డాలర్లకి పెంచారు, ఆ పైన అంచెలంచెలుగా పెంచుతామన్నారు. సంతోషం. ఆలస్యమైనా మంచి పని.

మరి డబ్బు లేదా అంటే, వసూలు చేసే తీరు చూడండి. కేంద్ర పన్ను మనిషి జీతంలో మొదటి 7,000 డాలర్ల మీదే కడతారు. ఆ 7,000 అనే అంకె 1983 నుంచి మారలేదు. రాయితీ పోగా ఆఫీసులు నడపడానికి కేంద్రానికి చేరేది మామూలుగా మనిషికి ఏడాదికి 42 డాలర్లు. లక్షల జీతం తీసుకునేవాడికీ అంతే, దుకాణంలో గంటకూలీ చేసేవాడికీ దాదాపు అంతే. కౌంటర్లలో మనుషుల్ని పెట్టడానికి డబ్బు లేదంటారు, ఆ హద్దు పెంచుదామంటే ఎవరూ పలకరు. అటు తీసుకునేవాడి దగ్గర మాత్రం పన్ను కోస్తారు. మేం చేరిన కొత్తలో ఈ డబ్బు మీద పన్ను లేదు. 1979 నుంచి కొందరికి కొంత వేశారు, 1987 నుంచి మొత్తం మీద వేస్తున్నారు. పని లేనివాడి చేతిలో పెట్టిన డబ్బులోంచి మళ్ళీ చిటికెడు వెనక్కి తీసుకోవడం ఏం న్యాయమో!

ప్రతి గురువారం పొద్దున్న 8:30కి కార్మిక శాఖ ఆ వారం ఎంతమంది కొత్తగా క్లెయిములు పెట్టారో అంకె ప్రకటిస్తుంది. దానికోసం స్టాక్ మార్కెట్ కాచుకుని కూచుంటుంది. ఆ అంకెలో ఒక్కొక్కటీ ఒక ఇల్లు, ఒక అద్దె, ఒక స్కూలు ఫీజు. అంకె కోసం అంత తొందరపడే దేశం, ఆ అంకెలోని మనిషి ఫోను చేస్తే గంటల తరబడి పాట వినిపిస్తుంది.

నేను వెనక్కి వెళ్దామనడం లేదు. వెబ్‌సైటు ఉండనివ్వండి, అది వాడుకోగలవాడు వాడుకుంటాడు. దాని పక్కన ప్రతి ఊళ్ళోనూ ఒక కౌంటర్ తెరవండి, అందులో నిబంధనలు తెలిసిన మనిషిని కూచోబెట్టండి. యంత్రం అనుమానపడితే పడనివ్వండి, కానీ మోసం అన్న మాట ఒక మనిషి ఇంకో మనిషిని అడిగి, విని, తన సంతకం పెట్టాకే కాగితం మీదికి రావాలి. మైడాస్ నేర్పిన పాఠం అంతకన్నా ఏమీ లేదు.

ఇక మన పిల్లలకి. పని పోయిన వారంలోనే క్లెయిము పెట్టండి. ఇంట్లోవాళ్ళకి చెప్పండి. ఒక నోటుబుక్కు పెట్టుకుని ఏ రోజు ఎక్కడ అడిగారో, ఎవరితో మాట్లాడారో, ఎన్ని గంటలు ఏ పని చేశారో రాసుకోండి. రెండు వారాలకోసారి ప్రశ్నలన్నీ కొత్తగా చదివి నిజం రాయండి. ఉద్యోగం వచ్చాక కూడా ఆ ఆన్‌లైన్ ఖాతా అప్పుడప్పుడు తెరిచి ఉత్తరాలు చూడండి. కాదన్నారని కాగితం వస్తే మూల పడెయ్యకండి. మిషిగన్‌లో 30 రోజుల్లో అభ్యంతరం పెట్టుకోవచ్చు, ఆ పైన జడ్జి ముందు మాట్లాడే హక్కు కూడా ఉంది. ఆ విచారణకి హాజరుకండి, మీ నోటుబుక్కు పట్టుకెళ్ళండి. చదువుకున్నవాళ్ళు, ఒక ఆదివారం పూట పక్కింటివాడి దగ్గర కూచుని ఆ ప్రశ్నలు చదివి పెట్టండి. ప్రభుత్వం కౌంటర్లు మళ్ళీ తెరిచేదాకా ఆ పని మనం చెయ్యాలి, తెరవమని అడుగుతూనే ఉండాలి.